ఓనర్‌గారి అబ్బాయి జర్మనీ నుంచి వస్తే కథ మొదలైనట్టే

అలంకారాలు అనగానే మనలో చాలామందికి పదో తరగతి తెలుగు పేపరే గుర్తొస్తుంది. ఒక వాక్యం ఇస్తారు, అందులో ఏ అలంకారం ఉందో గుర్తించి లక్షణం రాయాలి. "ఆమె ముఖం చంద్రబింబంలా ఉంది" అంటే ఉపమ. లక్షణం బట్టీ, మార్కులు గ్యారంటీ, వేసవి సెలవులు రాగానే అంతా గాలికి. ఆ ముఖం ఎవరిది, చంద్రుడితో పోల్చింది ఎవరు, ఆ పోల్చినవాడికి ఆమె ఏమవుతుంది అని క్లాసులో ఒక్కరైనా అడిగిన గుర్తు లేదు. కథ ఉన్నదంతా ఆ ప్రశ్నల్లోనే ఉంది మరి.

ఈ మధ్య కథలు రాద్దామనుకుంటున్న స్నేహితులు కొందరు తమ రాతలు నాకు పంపుతున్నారు. నేనేమీ పెద్ద రచయితను కాను, ఓపిగ్గా చదువుతానని పేరుపడింది అంతే. చదివాక అందరూ అడిగేది దాదాపు ఒకటే: శిల్పం అంటే ఏంటి, దృష్టికోణం అంటే ఏంటి, ప్రతీక ఎక్కడ పెట్టాలి, ఇవన్నీ ఒక వరసలో ఎక్కడైనా నేర్చుకోవచ్చా? వరసలో నేర్చుకుంటే వరసలోనే మర్చిపోతాం. నాకు అర్థమైనంతలో ఉపమ నుంచి కొసమెరుపు దాకా ఈ పేర్లన్నీ ఒక్క పని చుట్టూ తిరుగుతాయి. చదివేవాళ్లకి ఏది చెప్పాలి, ఏది చెప్పకుండా వదిలెయ్యాలి, చెప్పేదాన్ని ఎంతసేపు ఆపాలి. మిగతాదంతా దీని తర్వాతే.

ఉదాహరణకి ఇది చూడండి. హైదరాబాద్‌లో అద్దెకున్నవాళ్లకి పెద్దగా వివరించక్కర్లేదు. పద్మారావునగర్‌లో పాత ఇల్లు, కింద ఓనర్, పైన అద్దెకి ఒక ఉద్యోగం చేసుకునే అమ్మాయి. ఒకటో తారీఖు. ఫోన్‌లో పంపిస్తే అయిపోయేదే గానీ పెద్దాయనకి డబ్బు చేతిలో పెడితేనే తృప్తి.

"కూసో బిడ్డా. చాయ్ తాగుతవా?"

"వద్దంకుల్, ఆఫీసుకి టైమైపోతోంది."

"మా పెద్దోడు జర్మనీకెల్లి వస్తున్నడు, వచ్చే నెల."

"అవునా అంకుల్! ఎన్ని రోజులుంటారు?"

"ఇగ ఈడనే ఉంటడంట."

"మీకు ఇంక సందడే అంకుల్."

"అవ్ బిడ్డా. పైన గాలీ వెలుతురూ మంచిగుంటయి గదా."

అంతే, అయిపోయింది. ఇల్లు ఖాళీ చెయ్యమని ఎవరూ అనలేదు. ఆయన ఇన్నాళ్లూ అడగని చాయ్ ఇవాళ ఎందుకు అడిగాడు? చెప్పబోయేది ఆయనకే ఇబ్బందిగా ఉంది కాబట్టి. "ఎన్ని రోజులుంటారు" అన్నది ఆ అమ్మాయి ఏదో మర్యాదకి అడిగిన మాట కాదు, అది చివరి ఆశ. ఆయన "ఈడనే ఉంటడంట" అన్నప్పుడు ఆమెకి మొత్తం అర్థమైపోయింది, అయినా అర్థం కానట్టు సందడి గురించి మాట్లాడింది, అప్పుడాయన తప్పనిసరై పైన గాలి గురించి ఎత్తాడు. ఇద్దరిలో ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఆయనకి కొడుకు దగ్గరుండాలని ఉంది, ఆమెకి మెట్రోకి నడిచివెళ్లే దూరంలో ఉన్న ఈ ఇల్లు పోగొట్టుకోవాలని లేదు. పుస్తకాల్లో సంఘర్షణ అనేది దీన్నే. కత్తులూ కేకలూ ఉండాల్సిన పని లేదు, ఇద్దరికీ కావలసింది ఒకటే అయి, అది ఒకరికే దక్కేలా ఉంటే చాలు. ఆయన భాష, ఆమె భాష చూస్తే ఎవరు ఇక్కడివాళ్లో, ఎవరు ఉద్యోగానికి వచ్చారో తెలిసిపోతుంది, దానికి వేరే పరిచయం అక్కర్లేదు. చివరి మాటతో పైపోర్షన్ ఎలా ఉంటుందో కూడా తెలిసింది. పాత్రలు, నేపథ్యం, సంభాషణ, సంఘర్షణ అని నాలుగు హెడ్డింగులు పెట్టి నేర్పేవన్నీ ఇక్కడ విడదీయడానికి వీల్లేకుండా కలిసిపోయి ఉన్నాయి.

ఇప్పుడు దీని కింద ఒక వాక్యం చేర్చి చూడండి: "తనను ఇల్లు ఖాళీ చేయమంటున్నారని ఆమెకు అర్థమైంది." కథ అక్కడికక్కడే చచ్చింది. నాకొచ్చే రాతల్లో సగానికి పైగా ఈ వాక్యం ఏదో ఒక రూపంలో ఉంటుంది. చదివేవాళ్లకి అర్థం కాదేమోనని రాసేవాళ్లకి ఉండే టెన్షన్ అది. నిజానికి మన జనం ఈ విషయంలో ఆరితేరినవాళ్లు. ఉప్పల్‌లో ఇంకా ఇంట్లోనే ఉన్నవాడు ఫోన్‌లో "రెండు నిమిషాల్లో నీ ముందుంటా అన్నా" అంటే, ఊరికి ఆ చివర గచ్చిబౌలిలో ఎదురుచూస్తున్నవాడు తాపీగా ఇంకో చాయ్ చెప్పుకుంటాడు. అతిశయోక్తి ఎక్కడుందో, దాని వెనక అసలు సంగతి ఏంటో ఎవరూ నేర్పకుండానే మనకు తెలుసు.

పైకి అనకుండానే అర్థమయ్యేలా చెప్పే ఈ పద్ధతికి పాతవాళ్లు ధ్వని అని పేరు పెట్టారు. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీర్‌లో ఆనందవర్ధనుడు 'ధ్వన్యాలోకం' రాసి, కావ్యానికి ప్రాణం ధ్వనే అన్నాడు. ఆ తర్వాత మమ్మటుడు 'కావ్యప్రకాశం'లో ఒక చిన్న ఉదాహరణ ఇచ్చాడు, అలంకారశాస్త్రం మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. "పొద్దు గుంకింది" అన్న వాక్యం తీసుకుంటే, పనివాడికి అది ఇక చాలించమని, పశువులు కాసేవాడికి మందను ఇంటికి తోలమని, ప్రియుడి దగ్గరికి వెళ్లాల్సినామెకి వేళయిందని. మాటలు అవే, వినేవాళ్లు మారితే అర్థం మారుతుంది. దీనికి హైదరాబాద్ పాఠం కావాలంటే మేం ఇదివరకు ఉన్న అపార్ట్‌మెంట్‌లో ఉంది. తెల్లవారుజామున ఎవరో ఒకరు మెట్ల దగ్గర నిలబడి "నల్లా వచ్చింది" అని కేకేసేవారు. వాచ్‌మన్‌కి అది సంపు చూసుకోమని. రెండో అంతస్తు ఆంటీకి బిందెలు, బకెట్లు, చివరికి ప్రెషర్ కుక్కర్‌తో సహా ఖాళీగా ఉన్నవన్నీ బయటికి తియ్యమని. పరీక్షలకి చదువుకునే కుర్రాడికి ఇంక నిద్ర లేదని. కింద పోర్షన్ వాళ్లకి మాత్రం, పైవాళ్లు ఇవాళ కూడా మోటార్ పెట్టి లాగేస్తారని, నిన్న సగంలో ఆగిన గొడవ మళ్లీ అందుకోవచ్చని. ఆ కేక ఎవరి చెవిన పడిందో రాస్తే చాలు, కథ దానంతటదే ఒక ఇంట్లోకి నడుస్తుంది.

ఇక ఉపమ దగ్గరికి వస్తే, దానికి నాలుగు భాగాలని చదువుకున్నాం: ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. కథలో ఐదోది ఒకటుంది, ఆ పోలిక ఎవరి బుర్రలోంచి వచ్చిందన్నది. అఫ్జల్‌గంజ్ దగ్గర ఇరానీ హోటల్లో గ్లాసులు కడిగే కుర్రాడు వానాకాలం మూసీని చూస్తున్నాడనుకోండి. "నది కాటుక కరిగినట్టు ప్రవహిస్తోంది" అని రాశారంటే ఆ కుర్రాడిని పక్కకి నెట్టి మీరొచ్చి నిలబడ్డారని లెక్క. వాడికి ఆ నీళ్లు రెండోసారి మరగబెట్టిన చాయ్ పొడి రంగులో కనబడతాయి, ఎందుకంటే వాడు రోజంతా చూసే రంగు అదే. పోలిక అందంగా ఉందా లేదా అన్నది నేను చివర్న చూసుకుంటాను. పేజీకి ఐదారు పోలికలు గుప్పించేవాళ్లకి ఇంకో చిన్న మాట: వాటిలో నాలుగు తీసేస్తే మిగిలిన ఒకటి రెండు ఎంత గట్టిగా మోగుతాయో మీకే తెలుస్తుంది. రూపకం, ఉత్ప్రేక్షలకీ ఇదే వర్తిస్తుంది, వాటికి వేరే పాఠం అక్కర్లేదు. అనుప్రాస సంగతి మాత్రం వేరు. వచనంలో అది ఎక్కువైతే సినిమా డైలాగ్ అయిపోతుంది, జాగ్రత్త.

మూసీ ఎలాగూ వచ్చింది కాబట్టి కథ అల్లిక గురించి కూడా ఆ ఒడ్డునే మాట్లాడుకుందాం. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక పెద్ద చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వరద వచ్చి వేలమంది కొట్టుకుపోయినప్పుడు సుమారు 150 మంది ఆ చెట్టెక్కి కొమ్మలు పట్టుకుని బతికారు. ఈ సంఘటన వినగానే కథ రాయాలనిపిస్తుంది, నాకు తెలిసినవాళ్లే ఇద్దరు మొదలుపెట్టారు కూడా. ఇద్దరూ ఒకే చోట ఇరుక్కున్నారు. వాన పడింది, నది పొంగింది, జనం చెట్టెక్కారు, నీళ్లు తగ్గాయి, జనం దిగారు. ఇవి సంఘటనలు, వరసగా ఉన్నాయి, కానీ ఒకదాని కడుపులోంచి ఇంకొకటి పుట్టట్లేదు. ఇతివృత్తం కావాలంటే "అందుకని" అనే మాట ఎక్కడో దూరాలి. ఆ వరదకే అలాంటి గొలుసు ఉంది చూడండి. కుండపోతకి ఎగువన ఉన్న చెరువులు ఒకదాని వెనక ఒకటి తెగాయి, అందుకని ఆ నీళ్లన్నీ కలిసి ఒక్కసారిగా ఊరి మీద పడ్డాయి, అందుకని మరుసటి సంవత్సరం ఇంజనీర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఆయన ఎగువన జలాశయాలు కట్టమన్నారు, అందుకని 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఉస్మాన్‌సాగర్ అంటే మన గండిపేటే. గండిపేట నీళ్లు తాగినోళ్లు ఈ ఊరు వదిలిపోరని ఇప్పటికీ అంటుంటారు. ఊరిని ముంచిన నీళ్ల భయంతో కట్టినది, జనాన్ని ఊరికి కట్టిపడేసే నీళ్లయింది. ఇలాంటివి ఎవరో కూర్చుని కల్పించాల్సిన పని లేదు, కళ్లు తెరుచుకుని చదివితే చరిత్రలోనే దొరుకుతాయి.

ఆ చెట్టులో ఇంకోటుంది. చింతచెట్టు మీద దయ్యాలుంటాయని, రాత్రుళ్లు దాని కింద పడుకోకూడదని తెలుగువాళ్ల ఇళ్లలో పిల్లల్ని బెదిరించడం మామూలే. అలా బెదిరించిన తల్లే, ఆ పిల్లాడినే, ఆ చెట్టు మీదికే తోసి ఎక్కించాల్సి వస్తే? ఆ భయం సంగతి మొదట్లో ఎక్కడో, వరద ఊసే లేనప్పుడు, అన్నం తినిపిస్తూ అన్న మాటగా ఒక్కసారి చెప్పి వదిలెయ్యాలి. తర్వాత చెట్టు మీద ఉన్నప్పుడు దయ్యాల మాట రచయిత ఎత్తకూడదు. కావాలంటే పిల్లాడు ఎత్తొచ్చు. చెట్టు "జీవితానికి ప్రతీక" అని రాసినవాళ్ల దగ్గర నేను ఆ పేరా దగ్గరే ఆగిపోతాను.

ఇప్పుడు అసలు కష్టమైన ప్రశ్న: ఈ కథ ఎవరు చెప్పాలి? "నేను" అని ఉత్తమ పురుషలో, చెట్టెక్కిన మనిషే చెబుతున్నాడనుకుందాం. చెప్పడానికి ఉన్నాడంటే బతికాడని మొదటి వాక్యంలోనే తెలిసిపోయింది, ఇక అతని ప్రాణం గురించి చదివేవాళ్లకి భయం ఉండదు. అప్పుడేం చెయ్యాలి? ఆ భయాన్ని పక్క కొమ్మ మీదికి జరపాలి. పక్కన ఒక ముసలాయన ఉన్నాడు, ఆయన పట్టు జారుతోంది, ఆయన్ని పట్టుకుంటే ఇతని చెయ్యి వదలాలి. ముసలాయన పేరు కూడా ఇతనికి తెలియదు, మామూలు రోజుల్లో ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు కూర్చునే కులాలో మతాలో కూడా కాకపోవచ్చు. అంతా చూస్తున్న దేవుడిలా సర్వసాక్షి కథనం ఎంచుకుంటే 150 మందీ కనబడతారు, కానీ ఒక్కరి అరచెయ్యి కూడా దగ్గరగా కనబడదు. "అతను", "ఆమె" అంటూ ఒకరి భుజం మీద కూర్చుని చూసే ప్రథమ పురుష కథనం ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది, నేనైతే దాని వైపే మొగ్గుతాను. ఎందుకంటే ఆ మనిషి బతుకుతాడో లేదో నేను దాచుకోవచ్చు.

చెట్టు మీద లేనివాళ్లు కూడా ఉన్నారు. రుబాయీలకు, అంటే నాలుగు పాదాల పద్యాలకు, పేరుపడ్డ ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లినీ, భార్యనీ, కూతురినీ పోగొట్టుకున్నాడు, తాను బతికి బయటపడ్డాడు. ఇలాంటి మనిషి వైపు నుంచి కథ రాయాలనుకుంటే ఆ క్షణాన్ని వర్ణించడానికి నా చెయ్యి ఆడదు. కొన్నిటిని పక్క నుంచే చెప్పాలి. నాకు తెలిసిన ఒక ముసలాయన గురించి రాయాల్సివస్తే నేను భార్య పోవడం గురించి రాయను, ఆమె నంబర్‌కి 84 రోజులకోసారి రీచార్జ్ చేయించడానికి ఆయన మూల మీద ఉన్న మొబైల్ షాపుకి వెళ్లడం రాస్తాను. షాపు కుర్రాడు "తాతా, అన్‌లిమిటెడ్ వేస్తే మేలు గదా" అంటాడు, ఆయన "అంత మాట్లాడదులే" అంటాడు. చూపించడం, చెప్పడం అని వర్క్‌షాపుల్లో తెగ మాట్లాడుకునే తేడా ఇదే. అయితే అన్నీ చూపిస్తూ కూర్చుంటే కథ నవలైపోతుంది, "మూడేళ్లు గడిచాయి" అని ఒక్క ముక్కలో చెప్పేసి దాటాల్సినవి బోలెడుంటాయి. దేన్ని చూపించాలో తేల్చుకోవడమే పని.

ఉత్కంఠ గురించి మన హరిదాసుల దగ్గర, బుర్రకథ వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది. సరిగ్గా కత్తి ఎత్తిన చోట ఆపి పిట్టకథ అందుకుంటారు. బుర్రకథలో మధ్యనున్న కథకుడు తంబురా మీటుతూ యుద్ధంలో ఉంటే, పక్కనున్న వంతల్లో ఒకాయన హాస్యమాడతాడు, ఇంకొకాయన ఆ ఊరి రాజకీయం ఎత్తుతాడు, జనం నవ్వుతూనే లోపల్లోపల కత్తి ఏమైందో అని కొట్టుకుంటుంటారు. చెప్పాల్సినదాన్ని ఆపడం అంటే అది. రాతలో ఫ్లాష్‌బ్యాక్ కూడా ఈ పనే చెయ్యాలి. కానీ చాలామంది కాఫీ కప్పు పట్టుకుని కిటికీలోంచి చూస్తూ గతంలోకి జారుకుంటారు, అక్కడ ఆపిన కత్తేమీ లేదు, కాఫీ చల్లారడం తప్ప.

సంఘర్షణ ఎలా బిగించాలో చూడాలంటే భేతాళుడి కంటే మంచి మేస్టారు నాకు దొరకలేదు. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని మౌనంగా నడవాలి. భేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల వెయ్యి చెక్కలవుతుంది, చెబితే మౌనం భంగమై శవం మళ్లీ చెట్టెక్కుతుంది. ఎటు తిరిగినా నష్టమే, పైగా ఆ నష్టం రాజు తెలివివల్లే వస్తోంది, తెలియనివాడైతే ఏ గొడవా లేకుండా శవాన్ని మోసుకుపోయేవాడు. మీ పాత్ర ముందున్న రెండు దారుల్లో ఒకటి స్పష్టంగా మంచిదైతే అక్కడ కథ లేనట్టే, ఏ పిచ్చివాడైనా ఆ మంచిదే ఎంచుకుంటాడు. ఓనర్‌గారి ఇంట్లో అమ్మాయికి కూడా ఇలాంటిదొకటి పెట్టి చూడండి. ఉదాహరణకి పెద్దాయనకి కళ్లు సరిగ్గా కనబడవు, ఇన్నాళ్లూ ఆయన మందుల చీటీలు చదివిపెట్టేది ఆమే.

ఎత్తుగడ, ముగింపు గురించి త్వరగా చెప్పేస్తాను. 1910లో వచ్చిన గురజాడ 'దిద్దుబాటు' అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చిన మగవాడు తలుపు తట్టడంతో మొదలవుతుంది. సూర్యోదయం లేదు, ఊరి వర్ణన లేదు. వందేళ్లు దాటాక కూడా మనం "అది ఒక అందమైన సాయంత్రం" దగ్గర్నుంచి లేవలేకపోతున్నాం. చాలా కథలకి మొదటి పేరా తీసేస్తే రెండో పేరాయే అసలు ఎత్తుగడ అని తేలుతుంది. ముగింపుకీ ఇంచుమించు అంతే, చివరి పేరాని చేత్తో మూసి చదివి చూడండి, ఏమీ పోలేదనిపిస్తే కొట్టెయ్యండి. కొసమెరుపు మీద నాకు కోపమేమీ లేదు గానీ, చివరి వాక్యంలో బయటపడే రహస్యం కోసం అంతకుముందున్న పాత్రలన్నీ అబద్ధాలాడాల్సి వస్తే అది మోసం. రెండోసారి చదివినప్పుడు "అరె, ఇక్కడే చెప్పాడుగా, మనమే పట్టించుకోలేదు" అనిపించాలి.

ఇవన్నీ పట్టుబడాలంటే పాత కథలు పెన్సిల్ పట్టుకుని చదవడమే. ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలుంటాయి, ఇంగ్లిష్ నవలల మధ్య తెలుగు కథాసంకలనాలు దొరకడం మీ ఓపిక మీద ఆధారపడి ఉంటుంది. సుల్తాన్ బజార్‌లో 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం ఉంది, చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది. చిక్కడపల్లిలో ఎక్కువ కుర్చీలు పోటీ పరీక్షలకి చదువుకునే పిల్లలవే, కాబట్టి కూర్చోవాలంటే పొద్దున్నే వెళ్లండి. ఆ ఓనర్‌గారి సీన్ ఎవరైనా ముందుకు నడిపిస్తే నాకు పంపండి, మందుల చీటీ సంగతి వాడుకోవచ్చు, మొహమాటం లేదు.